ఆకు మీద ఎర్ర దుమ్ము

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా ఆలాపల్లిలో మా అన్న వాళ్ల పత్తి చేను రోడ్డుకు ఆనుకునే ఉంటుంది. సుర్జాగఢ్ గుట్టల నుంచి ఇనుప ఖనిజం లారీలు ఆ దారినే పోతాయి. దసరా దాటి వానలు వెనకబట్టాయంటే చాలు, రోడ్డు వైపు నాలుగైదు సాళ్ల పత్తి కావిరంగుకు తిరుగుతుంది. మొన్న పోయినప్పుడు ఒక ఆకును బొటనవేలితో తుడిచాను. తుడిచినంత మేర పచ్చగా గీత పడింది, వేలికి ఎర్రటి పొడి అంటుకుంది. పక్కనే ఉన్న అన్న బిడ్డ వెంటనే అందుకుంది. ఎనిమిదో తరగతి చదువుతోంది.

"కాకా, ఆకు మీద దుమ్ము పడితే చెట్టుకు అన్నం అందదని మా సార్ చెప్పిండు. చెట్టు వేర్లతోని మట్టి తింటది కదా, మరి ఆకుకేం పని?"

అప్పటికప్పుడు ఆ పిల్లకు చెప్పగలిగింది కొంచెమే. మిగతాది కూర్చుని రాయాలనిపించింది. ఆ ఆకుకూ, దాని మీద పడ్డ ఎర్ర పొడికీ ఉన్న చుట్టరికం లారీలతో మొదలైంది కాదు. అది రెండు వందల కోట్ల ఏళ్లకు పైబడినది. ఆ గుట్టలో ఇనుము తుప్పుపట్టి రాయిగా పేరుకోవడం వెనక, ఇప్పుడు ఈ ఆకులో జరుగుతున్న పనికి పాత రూపం ఉంది.

మా వైపు పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నేనూ 'ప్రకాశసంశ్లేషణ' అనే చదువుకున్నాను. 'కిరణజన్య సంయోగక్రియ' అన్న మాట చాలా తర్వాత, మంచిర్యాలలో కొన్న ఒక తెలుగు పుస్తకంలో చూశాను. రెండూ మంచి మాటలే. వెలుతురు వల్ల ఏదో కలుస్తుందని రెండూ చెబుతాయి. అయితే అలా కలవాలంటే ముందు ఒకటి విరగాలి, ఆ సంగతి ఏ పేరులోనూ లేదు. విరగాల్సింది నీరు. నీటి అణువును విరిచి, దానిలోని ఎలక్ట్రాన్లను లాక్కోవడమే ఈ మొత్తం వ్యవహారంలో అతి కష్టమైన పని. "ఎలక్ట్రాన్ ఎక్కడి నుంచి తేవాలి?" అన్న ఒక్క ప్రశ్నను పట్టుకుని నడిస్తే, ఆకు ఎలా పనిచేస్తుందో, ఆ పని భూమ్మీద మొదట ఎలా పుట్టిందో రెండూ తెలుస్తాయి.

ముందు పిల్ల అడిగిన దానికి జవాబు. చెట్టు మట్టి తిని పెరుగుతుందని ఒకప్పుడు పెద్ద పెద్ద పండితులే అనుకున్నారు. ఇప్పటి బెల్జియం ప్రాంతంలో వాన్ హెల్మాంట్ అనే వైద్యుడు మాత్రం తూకం వేసి చూశాడు. బాగా ఎండబెట్టిన 90 కిలోల మట్టిని కుండీలో నింపి, రెండుంపావు కిలోల విల్లో మొక్క నాటాడు. ఐదేళ్లు నీళ్లు తప్ప ఇంకేమీ పోయలేదు. చివరకు చెట్టు దాదాపు 77 కిలోలు తూగింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది 60 గ్రాముల లోపే. ఈ లెక్క ఆయన పోయాక 1648లో అచ్చయింది. బరువంతా నీళ్ల నుంచే వచ్చిందని ఆయన తేల్చాడు. అది సగం నిజం. మిగతా సగం గాలి.

ఆలాపల్లి టేకు దుంగను తీసుకోండి. బాగా ఆరిన దుంగ బరువులో దాదాపు సగం కార్బనే. ఆ కార్బన్ అంతా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చింది. దుంగను కాలిస్తే చివరకు మిగిలే బూడిద ఉంది చూశారూ, మట్టి ఇచ్చిన వాటా దాదాపుగా అంతే. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉండేది పది వేల అణువుల్లో నాలుగు. అంత పల్చటి సరుకును ఏరి తెచ్చి ఇంతేసి మానులు నిలబెట్టింది ఆకు. పిల్లకు ఇది చెబితే తలెత్తి చెట్టు వైపు చూసింది, ఏమీ అనలేదు.

గాలికీ చెట్టుకూ ఉన్న సంబంధాన్ని 1771లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ కనిపెట్టాడు. కొవ్వొత్తి వెలిగి ఆరిపోయిన గాలిలో పుదీనా రెమ్మ పెట్టి కొన్నాళ్లు ఉంచితే, ఆ గాలిలో కొవ్వొత్తి మళ్లీ వెలిగింది. కానీ ప్రయోగం ఒకసారి కుదిరేది, ఒకసారి కుదిరేది కాదు. కారణం 1779లో యాన్ ఇంగెన్‌హౌస్ పట్టుకున్నాడు: వెలుతురు ఉండాలి, అదీ మొక్కలో పచ్చగా ఉన్న భాగాలకే తగలాలి. మా పెరట్లో సిమెంటు తొట్టి ఉంది. మధ్యాహ్నం ఎండ నేరుగా పడే వేళ గోడకు పట్టిన పాచిలోంచి సన్నటి బుడగలు వరసగా లేస్తాయి. మబ్బు కమ్మితే నెమ్మదిస్తాయి. ఇంగెన్‌హౌస్ చూసింది ఇవే బుడగలు. అది ఆక్సిజన్.

ఆ ఆక్సిజన్ ఎక్కడిది? కార్బన్ డయాక్సైడ్‌లోంచి విడిపోయిందని చాలాకాలం అందరూ నమ్మారు. పైకి చూస్తే అదే సబబుగా ఉంటుంది, కార్బన్‌ను ఆకు ఉంచుకుంది, ఆక్సిజన్‌ను వదిలేసింది అని. 1930ల్లో వాన్ నీల్ అనే శాస్త్రవేత్త కుళ్లిన గుడ్డు వాసన కొట్టే బురదలో బతికే ఊదారంగు బాక్టీరియాలను గమనించి, ఆ నమ్మకాన్ని తిప్పేశాడు. అవి కూడా వెలుతురుతోనే కార్బన్ డయాక్సైడ్‌ను తిండిగా మార్చుకుంటాయి. కానీ నీటికి బదులు హైడ్రోజన్ సల్ఫైడ్ వాడతాయి, ఆక్సిజన్‌కు బదులు గంధకం వదులుతాయి. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను విరిస్తే గంధకం మిగిలినట్టే, నీటిని విరిస్తే ఆక్సిజన్ మిగలాలి. 1941లో రూబెన్, కామెన్ బృందం బరువైన ఆక్సిజన్ కలిపిన నీటిని వాడి చూపించింది: బయటికొచ్చే ఆక్సిజన్ నీటిదే. మనం పీల్చే ఊపిరి విరిగిన నీటి ముక్క. ఈ సంగతి మొదటిసారి అర్థమైన రోజు నాకు బాగా గుర్తుంది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక ఆకు లోపలికి పోదాం. ఆకు అడుగు భాగాన కంటికి కనిపించని సన్నని రంధ్రాలు వేలకు వేలు ఉంటాయి. కార్బన్ డయాక్సైడ్ వచ్చేదీ, నీటి ఆవిరి పోయేదీ వాటి గుండానే. లోపల ఒక్కో కణంలో పదుల కొద్దీ ఆకుపచ్చ గుళికలు ఉంటాయి. వాటినే క్లోరోప్లాస్టులు అంటారు. గుళిక లోపల దొంతర్లు పేర్చినట్టు పల్చటి పొరలు, ఆ పొరల్లో పత్రహరితం. పత్రహరితం ఎరుపు, నీలం కాంతిని బాగా మింగి, ఆకుపచ్చను ఎక్కువగా వదిలేస్తుంది. మనకు ఆకు పచ్చగా కనిపించేది అందుకే.

మింగిన వెలుతురు ఏమవుతుంది? దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. గుప్పెడు తోటకూర ఆకులు నలిపి, గాయాలకు వాడే స్పిరిట్‌లో వేసి, కాసేపాగి గుడ్డతో వడకట్టండి. చిక్కటి పచ్చ ద్రవం వస్తుంది. చీకటి గదిలో దాన్ని గాజు గ్లాసులో పోసి, దొంగనోట్లు పట్టుకునే అతినీలలోహిత కాంతి టార్చి వేసి పక్క నుంచి చూడండి. పచ్చటి ద్రవం నెత్తురు ఎరుపులో మెరుస్తుంది. వెలుతురు దెబ్బకు పత్రహరితంలోని ఎలక్ట్రాన్ ఎగిరి పై మెట్టెక్కుతుంది. స్పిరిట్‌లో దాన్ని అందుకునే చెయ్యి లేదు కాబట్టి, మళ్లీ కిందికి పడుతూ ఎర్రటి వెలుగుగా శక్తిని పారబోస్తుంది. బతికున్న ఆకులో అలా కాదు. ఎలక్ట్రాన్ ఎగిరీ ఎగరగానే పక్కనున్న అణువు దాన్ని అందుకుంటుంది, అక్కడి నుంచి ఇంకోటి. పడిపోయేలోపు చేతులు మారిపోతుంది. ఆకు నేర్పు ఈ అందుకోవడంలో ఉంది.

అలా ఎలక్ట్రాన్ పోయిన పత్రహరితానికి ఒక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని నింపడానికే నీరు. నీరు తన ఎలక్ట్రాన్లను ఊరికే ఇవ్వదు, ఆక్సిజన్ వాటిని అంత గట్టిగా పట్టుకుని ఉంటుంది. దాన్ని పీకాలంటే అంతకంటే గట్టిగా లాగేది కావాలి. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న ఈ పత్రహరితం అంత గట్టిగా లాగే అణువు జీవులన్నిటిలో మరొకటి లేదు. పక్కనే నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం, వాటి మధ్య ఆక్సిజన్లు కలిసిన చిన్న ముడి ఉంటుంది. దాని అమరికను 2011లో జపాన్ శాస్త్రవేత్తలు ఎక్స్‌రేలతో స్పష్టంగా చూశారు, వంకరపోయిన కుర్చీలా ఉందన్నారు. నీరు విరిగేది ఆ కుర్చీలో.

దాని లెక్క కూడా ముచ్చటగా ఉంటుంది. 1969లో ఫ్రాన్స్‌లో పియెర్ జోలియో చీకట్లో ఉంచిన పచ్చటి పదార్థం మీద ఒక్కొక్క మెరుపు వేసి, ఆక్సిజన్ ఎంత వస్తుందో కొలిచాడు. మొదటి మెరుపుకు ఏమీ రాలేదు. రెండోదానికీ దాదాపు లేదు. మూడోదానికి బాగా వచ్చింది. తర్వాత ఏడోదానికి, పదకొండోదానికి. నాలుగేసి మెరుపులకు ఒక పోటు. రెండు నీటి అణువుల్లోంచి నాలుగు ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా తీస్తేనే ఒక ఆక్సిజన్ అణువు తయారవుతుంది, మాంగనీసు ముడి మెట్టు మెట్టుగా ఆ లెక్క దాచుకుంటుంది. చీకట్లో ఉన్నప్పుడే ఒక మెట్టు ఎక్కి ఉంటుంది కాబట్టి మొదటిసారి మూడుకే వచ్చింది. ఈ వివరణ మరుసటి ఏడు బెసెల్ కాక్ ఇచ్చాడు.

నీటి నుంచి తీసిన ఎలక్ట్రాన్‌ను ఒకే ఊపులో కావలసిన ఎత్తుకు చేర్చడం కుదరదు. గోదావరి ఒడ్డున ఉన్న మా సిరోంచ వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గోదావరి అవతల కాళేశ్వరం ఎత్తిపోతలు ఎలా కట్టారు? మేడిగడ్డ నీళ్లను కన్నేపల్లిలో ఎత్తి అన్నారానికి, అక్కడ మళ్లీ ఎత్తి సుందిళ్లకు, ఇలా అంచెలంచెలుగా. ఆకులో రెండు అంచెలు. మొదటి పంపు ఎలక్ట్రాన్‌ను నీటి నుంచి లాగి కొంత ఎత్తుకు చేరుస్తుంది. అక్కడి నుంచి అది కొంచెం జారి రెండో పంపు దగ్గరికి వస్తుంది. రెండో పంపు ఇంకో వెలుతురు దెబ్బతో దాన్ని పూర్తి ఎత్తుకు ఎక్కిస్తుంది. పుస్తకాల్లో మొదటి పంపును ఫోటోసిస్టమ్ రెండు అనీ, రెండోదాన్ని ఫోటోసిస్టమ్ ఒకటి అనీ అంటారు. పిల్లలు ఇక్కడ తడబడతారు. కనుక్కున్న వరసలో పేర్లు పెట్టారు, పనిచేసే వరస తర్వాత తెలిసింది, అంతే.

రెండు పంపుల మధ్య జారే చోట ఇంకో పని జరుగుతుంది. ఎలక్ట్రాన్ జారుతూ, ఆ ఊపుతో ప్రోటాన్లను పొరకు ఒక పక్కన పోగేస్తుంది. అవి డ్యామ్ వెనక నీళ్లలా ఒత్తిడి పెడతాయి. పొరలో బిగించిన ఒక చిన్న చక్రం గుండానే వాటికి దారి. అవి దూకుతుంటే ఆ చక్రం నిజంగానే గిర్రున తిరుగుతుంది. శ్రీశైలంలో టర్బైన్ కరెంటు ఇచ్చినట్టు ఈ చక్రం ఏటీపీని ఇస్తుంది. కణంలో ప్రతి పనికీ చెల్లే నగదు అది.

ఇప్పటికి ఆకు చేతిలో నగదు ఉంది, ఎత్తుకెక్కిన ఎలక్ట్రాన్లు ఉన్నాయి. చక్కెర అంటే ఎలక్ట్రాన్లు, హైడ్రోజన్ ఎక్కించిన కార్బన్ డయాక్సైడే. ఆ ఎక్కించే పనికి వెలుతురు నేరుగా అక్కర్లేదు. రేడియోధార్మిక కార్బన్ ఇచ్చిన నాచును సెకన్ల తేడాలో చంపి, అప్పటిదాకా ఏం తయారైందో చూస్తూ మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషమ్ ఈ పని మెట్టు మెట్టుగా సాగి మళ్లీ మొదటికి ఎలా వస్తుందో ఒక చక్రంగా గీశారు. 1961లో నోబెల్ కాల్విన్‌కు ఒక్కరికే ఇచ్చారు. బెన్సన్ పేరు లేకుండా పాఠం చెప్పడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఈ చక్రానికి ద్వారం దగ్గర నిలబడి కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ఎంజైమ్ పేరు రుబిస్కో. చాలా మెల్లిది. వేగమైన ఎంజైములు సెకనుకు వందలు, వేలు పనులు చక్కబెడితే, మొక్కల రుబిస్కో మూడో నాలుగో చేస్తుంది. అందుకే ఆకు దాన్ని గుట్టలు గుట్టలుగా తయారు చేసుకుంటుంది, ఆకులోని ప్రోటీన్‌లో పెద్ద వాటా అదే. దానికి ఇంకో లోపం ఉంది. అప్పుడప్పుడు కార్బన్ డయాక్సైడ్ అనుకుని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. పట్టుకున్న తప్పును సరిదిద్దడానికి ఆకు సంపాదించిన కార్బన్‌లో కొంత, శక్తి కొంత వదులుకోవాలి. ఎండ ముదిరేకొద్దీ ఈ పొరపాటు పెరుగుతుంది. ఎందుకిలాంటి ఎంజైమ్ నిలిచింది? అది పుట్టిన కాలంలో గాలిలో ఆక్సిజన్ లేదు. లేనిదాన్ని వేరు చేసి చూడాల్సిన అవసరం దానికి రాలేదు.

మా దగ్గర వరి, పత్తి, మిర్చి మూడూ ఈ నష్టాన్ని భరించేవే. జొన్న, మక్క మాత్రం దారి వెతుక్కున్నాయి. అవి కార్బన్ డయాక్సైడ్‌ను ముందు ఇంకో ఎంజైమ్‌తో పట్టి, ఈనెల చుట్టూ ఉన్న కణాల్లోకి తోసి, అక్కడ కిక్కిరిసేలా చేసి అప్పుడు రుబిస్కోకు అందిస్తాయి. పక్కన అంత గుంపు ఉంటే అది పొరపాటు పడే అవకాశం తక్కువ. 1966లో ఆస్ట్రేలియాలో హ్యాచ్, స్లాక్ చెరకు మీద ఈ పద్ధతిని తేల్చారు. మక్క ఆకునూ వరి ఆకునూ ఎండకు ఎత్తిపట్టి భూతద్దంతో చూడండి, మక్కలో ఈనెలు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో తెలుస్తుంది. మే నెల ఎండలో జొన్న నిలబడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

రణపాల దారి వేరు. పగలు ఆకు రంధ్రాలు తెరిస్తే నీళ్లు పోతాయని అది రాత్రి తెరుస్తుంది. రాత్రంతా కార్బన్ డయాక్సైడ్‌ను పులుపుగా మార్చి దాచి, పగలు తలుపులు మూసుకుని ఆ నిల్వను వాడుకుంటుంది. మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోట చూసుకున్న బెంజమిన్ హైన్ రణపాల ఆకును నమిలి చూసి, పొద్దున పుల్లగా ఉంటుందనీ, పొద్దెక్కేకొద్దీ పులుపు పోతుందనీ రాశాడు. 1815లో అది అచ్చయింది. నేనూ తెల్లవారి ఒక ముక్క, మధ్యాహ్నం ఒక ముక్క నమిలి చూశాను. పొద్దుటిది చింతచిగురు గుర్తొచ్చేంత పులుపు, మధ్యాహ్నానిది గడ్డి.

ఇప్పుడు అసలు పాత కథ. మాకు పాతదంటే సిరోంచ దగ్గర వడధంలో రాయిగా మారిన చెట్ల మొదళ్లు. డైనోసార్ల కాలం నాటివి. చేత్తో తడిమితే చెక్క పొరలు ఇంకా వేలికి తగులుతాయి, కానీ మోగేది రాయి. అంత పాతవైనా వాటి వయసు 20 కోట్ల ఏళ్ల లోపే. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. వెలుతురుతో తిండి వండుకోవడం మొదలైంది ఆ మొదటి వంద, నూటయాభై కోట్ల ఏళ్లలో. ఆస్ట్రేలియా పడమటి భాగంలో దాదాపు 348 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో సూక్ష్మజీవుల పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకున్న గుర్తులున్నాయి.

ఆ తొలి జీవులు నీటి జోలికి పోలేదు. అప్పటి భూమ్మీద ఎలక్ట్రాన్లు సులువుగా ఇచ్చేవి ఉన్నాయి: అగ్నిపర్వతాల నుంచి వచ్చే హైడ్రోజన్, హైడ్రోజన్ సల్ఫైడ్, సముద్రంలో కరిగి ఉన్న ఇనుము. అడిగితే ఇచ్చేవాళ్లు ఉండగా పిసినారి గడప ఎవరు తొక్కుతారు? వీటి దగ్గర ఎలక్ట్రాన్ తీసుకోవడానికి ఒక్క పంపు సరిపోతుంది. ఒక్క పంపుతోనే బతికే బాక్టీరియాలు ఈ రోజుకీ ఉన్నాయి. వాటిలో రెండు తెగలు. ఆకుపచ్చ గంధక బాక్టీరియా లాంటి వాటి పంపు మన ఆకులోని ఫోటోసిస్టమ్ ఒకటికి దగ్గరి చుట్టం. ఊదారంగు బాక్టీరియా పంపు ఫోటోసిస్టమ్ రెండుకు చుట్టం. లోపలి అమరిక చూస్తే ఈ రెండు రకాలూ ఒకే మూలం నుంచి చీలినవని తెలిసిపోతుంది.

బాక్టీరియాలన్నిటిలో రెండు పంపులూ ఒకే జీవిలో ఉన్నది ఒక్క సయనోబాక్టీరియాలో. పాఠాల్లో నీలి ఆకుపచ్చ శైవలాలు అని చదువుకున్నవి ఇవే. ఆ రెండూ ఒకే ఇంట్లోకి ఎలా చేరాయన్న దాని మీద శాస్త్రవేత్తల్లో రెండు పక్షాలున్నాయి. ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి జన్యువులు అరువు పోయి చేరాయని కొందరు. మొదటి నుంచీ ఒకే వంశంలో జన్యువు రెండుగా పెరిగి, చెరో పని నేర్చి, తర్వాత మిగతా తెగలు ఒకదాన్ని పారేసుకున్నాయని ఇంకొందరు. రెండో వాదమే నాకు సరిగా తోస్తుంది, ఎందుకంటే రెండు పంపులు ఒకదానికొకటి అంత చక్కగా అతకాలంటే చాలాకాలం పక్కపక్కన బతికి ఉండాలి.

ఎలా చేరినా, రెండు పంపులు వరసగా పెట్టాక మొదటిదానికి ఎలక్ట్రాన్‌ను మరీ ఎత్తుకు తీసుకెళ్లే బాధ్యత తప్పింది. ఆ బలమంతా నీటి నుంచి లాగడం మీద పెట్టొచ్చు. దానికి మాంగనీసు ముడి తోడైంది. ఆ రోజుతో కరువు తీరింది. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న బురద వెతుక్కుంటూ తిరగక్కర్లేదు. నీరు ఎక్కడుంటే అక్కడ, ఎండ ఎక్కడ పడితే అక్కడ బతకొచ్చు. అయితే మిగిలిన చెత్త ఆక్సిజన్. అప్పటి జీవులకు అది విషం, దాన్ని వదిలిన జీవికి కూడా. నేటికీ ఆకు దాని దెబ్బ తింటూనే ఉంది. నీటిని విరిచే పంపు మధ్యలో ఉండే ఒక ప్రోటీన్ ఎండ బాగా ఉన్నప్పుడు దాదాపు అరగంటకోసారి పాడైపోతుంది. ఆకు దాన్ని పీకేసి కొత్తది బిగిస్తుంది, రోజంతా, ప్రతి ఆకులో.

వదిలిన ఆక్సిజన్ వెంటనే గాలిలోకి చేరలేదు. దానికి ముందు సముద్రం అడ్డుంది. ఆక్సిజన్ లేని నీళ్లలో ఇనుము ఉప్పులా కరిగి ఉంటుంది, నీళ్లు తేటగానే కనిపిస్తాయి. మా ఊళ్లో కొన్ని బోర్ల నీళ్లు పట్టినప్పుడు తేటగా ఉండి, బిందెలో రాత్రి నిలిస్తే అడుగున ఎర్రటి మడ్డి దిగుతుంది కదా, సరిగ్గా అదే. గాలి తగిలి ఇనుము తుప్పుగా మారి కిందికి దిగిపోయింది. అప్పటి సముద్రం మొత్తం అలాంటి ఒక బిందె. ఇనుము తుప్పుపట్టి అడుగున పొరలు పొరలుగా, మధ్యమధ్య సిలికా పొరలతో కలిసి పేరుకుంది. ప్రపంచంలోని పెద్ద ఇనుప ఖనిజపు గుట్టలన్నీ దాదాపుగా ఇలా ఏర్పడ్డ చారల రాళ్లే. ఆస్ట్రేలియాలో హేమర్స్‌లీ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాటితే బైలాదిలా, మా జిల్లాలో సుర్జాగఢ్.

ఒక చారల రాయి ముక్క నా బల్ల మీద ఉంది. అరచేయి అంత కూడా లేదు, ఎత్తితే ఇంత బరువా అనిపిస్తుంది. ఒక చార బూడిద వెండి రంగు, ఒక చార ఎరుపు, కొన్ని చోట్ల గోటి మందం కూడా ఉండవు. గరుకు పెంకు మీద గీస్తే నెత్తురు రంగు గీత పడుతుంది. ఆ గీతలో ఉన్న ఆక్సిజన్ పాత సముద్రపు నీటిలోదే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ తుప్పంతా సయనోబాక్టీరియా వదిలిన ఆక్సిజన్ వల్లే అని చాలా చోట్ల రాస్తారు. అంత తేలిక కాదు. వెలుతురుతో నేరుగా ఇనుము నుంచే ఎలక్ట్రాన్ లాక్కుని, తుప్పును చెత్తగా వదిలే బాక్టీరియాలు ఇంకా బతికే ఉన్నాయని 1993లో తెలిసింది. మరీ పాత చారల్లో వాటి పనీ ఉండి ఉండొచ్చు. ఒకటి ఇనుము దగ్గర ఎలక్ట్రాన్ తీసుకుంది, ఇంకోటి నీటి దగ్గర తీసుకుంటే మిగిలిన ఆక్సిజన్ ఇనుమును పట్టింది. ఎటు చూసినా పని చేసింది వెలుతురే.

గాలిలో ఆక్సిజన్ నిలవడం మొదలైంది దాదాపు 240 కోట్ల ఏళ్ల కిందట. దానికి బలమైన సాక్ష్యం 2000 సంవత్సరంలో గంధకం నుంచి దొరికింది. పైన ఓజోన్ పొర లేనప్పుడు సూర్యుడి అతినీలలోహిత కిరణాలు గాలిలోని గంధకపు వాయువుల మీద నేరుగా పడి, దాని ఐసోటోపుల, అంటే బరువులో తేడా ఉన్న గంధకపు రకాల, పాళ్లలో ఒక వింత తేడా తెస్తాయి. పాత రాళ్లన్నిటిలో ఆ తేడా ఉంది. ఆ కాలం దాటిన రాళ్లలో మాయమైంది. ఆక్సిజన్ వచ్చి, దాని నుంచి ఓజోన్ కప్పు పడిందన్న మాట. నీటిని విరవడం అంతకు ముందే మొదలై ఉండాలి, కానీ ఇనుము, అగ్నిపర్వతాల వాయువులు వచ్చిన ఆక్సిజన్‌ను మింగుతూ వచ్చాయి.

ఇంతవరకూ ఆకు లేదు, చెట్టు లేదు. ఆ తర్వాత, 150 కోట్ల ఏళ్ల కిందటో అంతకు ముందో, ఒక పెద్ద కణం ఒక సయనోబాక్టీరియాను మింగింది, అరిగించుకోలేదు. అది లోపలే ఉండి వండిపెట్టింది. ఆకులోని ఆకుపచ్చ గుళిక దాని వారసురాలు. 1905లో రష్యాలో మెరెష్కోవ్‌స్కీ ఈ మాట అన్నాడు, ఎవరూ లెక్కచేయలేదు. 1967లో లిన్ మార్గ్యులిస్ ఎన్నో పత్రికలు తిప్పి పంపాక ఇదే వాదాన్ని మళ్లీ అచ్చు వేయించగలిగింది. గుళికకు సొంత డీఎన్‌ఏ ఉంది, బాక్టీరియాకు ఉన్నట్టు చుట్టలా. అది పుట్టేది కూడా చీలిపోయే, కణం దాన్ని కొత్తగా తయారు చేయలేదు. స్వతంత్రంగా బతికే సయనోబాక్టీరియాకు వేల జన్యువులుంటే గుళికలో వంద చిల్లర మిగిలాయి, మిగతావాటిలో ఎన్నో కణ కేంద్రానికి తరలిపోయాయి.

మింగినదాన్ని ఇంట్లో పెట్టుకోవడం ఊహకు అందదనిపిస్తే వరి మడిలో తేలే అజొల్లా అనే చిన్న మొక్కను చూడండి. దాని ఆకు గదుల్లో సయనోబాక్టీరియా కాపురం ఉంటుంది, గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, తల్లి మొక్క నుంచి పిల్ల మొక్కకు తరం తరం వెళ్తుంది. రైతులు దాన్ని మడిలో వదిలేది ఆ నత్రజని కోసమే. కణంలోకి ఇంకా దూరలేదు, గది దాకా వచ్చింది.

పిల్ల ఎత్తిన దుమ్ము సంగతి ఇంకా బాకీ ఉంది. దుమ్ము పడితే ఏమవుతుంది? రెండు నష్టాలు. పైన పడ్డది వెలుతురును ఆపుతుంది, పంపులకు దెబ్బలు తగ్గుతాయి. రంధ్రాల దగ్గర చేరినది గాలి రాకపోకలకు అడ్డుపడుతుంది, రుబిస్కోకు సరుకు తగ్గుతుంది. రోడ్డు వైపు సాళ్లలో కాయలు చిన్నవవుతున్నాయని మా అన్న అంటాడు. ఆ సాళ్లకు వారానికోసారి నీళ్లు చిమ్ముతున్నాడు. గని వాళ్లు రోడ్డు తడిపినన్నాళ్లు తేడా ఉంటుందట, తడపడం మానేస్తే మళ్లీ మొదలు.

ఆ సాయంత్రం ఉన్నట్టుండి ఒక జల్లు పడింది. మేం మంచె కింద నిలబడి చూస్తుండగానే ఆకులు ఒక్కొక్కటిగా పచ్చబడ్డాయి. సాళ్ల మధ్య ఎర్రటి నీళ్లు పాయలు కట్టి వాగు వైపు పోయాయి. అక్కడి నుంచి ప్రాణహితకు, సిరోంచ దగ్గర గోదావరికి, ఆపైన సముద్రానికి. ఆ ఇనుము మొదట సముద్రంలోదే అని పిల్లకు చెప్పాను. "మళ్లా పోయి కరుగుతదా కాకా?" అంది. కరగదు. ఇప్పుడు నీళ్లలో ఆక్సిజన్ ఉంది, ఎర్రగానే అడుగుకు దిగుతుంది.